షట్టరు సగం ఎత్తి, ఫ్యాను పెట్టి షెడ్డులో జనరేటరు నడపొచ్చా?

అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉప్పల్ వైపు 200 గజాల్లో ఇండిపెండెంట్ ఇల్లు. కింద 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న కారు షెడ్డు, దానికి రోలింగ్ షట్టరు, లోపలి నుంచి వంటింట్లోకి ఒక తలుపు. పైన రెండు అంతస్తులు. కొత్తగా 2.2 కేవీఏ పెట్రోలు జనరేటరు కొన్నారు. వానకి తడవకూడదు, ఎవరూ ఎత్తుకుపోకూడదు కాబట్టి దాన్ని షెడ్డులోనే పెట్టి, షట్టరు రెండడుగులు ఎత్తి, వెనక గోడకి 12 అంగుళాల ఎగ్జాస్టు ఫ్యాను బిగించి నడుపుదామని ఆలోచన. ఇంట్లో డెబ్బై దాటిన అమ్మగారు, మూడేళ్ల పాప ఉన్నారు.

వద్దండీ. షట్టరు సగం కాదు, పూర్తిగా ఎత్తినా వద్దు. షెడ్డు జనరేటరును దాచుకునే చోటే గానీ నడిపే చోటు కాదు. మూసిన గదిలో నడపకూడదని అందరికీ తెలుసు. "ఫ్యాను పెట్టాం కదా" అన్న దగ్గరే దారి తప్పుతారు. అందుకే ముందు లెక్క చూద్దాం.

షెడ్డు ఎత్తు పదడుగులు అనుకుంటే మొత్తం 1,800 ఘనపుటడుగులు, అంటే సుమారు 51 ఘనపు మీటర్ల గాలి. చిన్న కార్బురేటరు ఇంజన్లకు కారుకు ఉన్నట్టు, పొగలోని విషవాయువును తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు ఉండదు. పైగా ఇంజను వేడెక్కకుండా సాఫీగా నడవాలని గాలిలో పెట్రోలు పాలు కాస్త ఎక్కువ కలిసేలా తయారుచేస్తారు. పూర్తిగా మండని ఆ పెట్రోలే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుగా బయటికొస్తుంది. ఒక కిలోవాట్ లోడు మీద గంటకు 400 గ్రాములు వస్తుందనుకుందాం. భయపెట్టడానికి పెంచిన అంకె కాదిది, ఈ తరహా ఇంజన్లకు మామూలే. షట్టరు మూసి ఉంటే షెడ్డులో నిమిషానికి సుమారు 115 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు ఎన్ని వంతులు అన్న లెక్క) చొప్పున పెరుగుతుంది. పది, పదకొండు నిమిషాల్లో 1,200 పీపీఎం చేరుతుంది. ప్రాణానికి తక్షణ ప్రమాదం అని పారిశ్రామిక భద్రతలో గీత గీసిన స్థాయి అదే.

ఇప్పుడు ఫ్యాను సంగతి. 12 అంగుళాల ఎగ్జాస్టు ఫ్యాను గంటకు 1,000 ఘనపు మీటర్ల గాలి బయటికి తోస్తుందనుకోండి. గంటకు 400 గ్రాముల విషవాయువు వెయ్యి ఘనపు మీటర్లలో కలిస్తే, ఒక్కో ఘనపు మీటరుకు 400 మిల్లీగ్రాములు. అంటే దగ్గర దగ్గర 350 పీపీఎం. ఫ్యాను గంటసేపు తిరిగినా, మూడు గంటలు తిరిగినా అంకె అక్కడే నిలబడుతుంది. మన దేశంలో 2009లో ఇచ్చిన గాలి నాణ్యత ప్రమాణాల ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ గంట సగటు ఘనపు మీటరుకు 4 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్యాను చక్కగా పనిచేస్తున్నప్పుడే మీ షెడ్డు దానికి నూరు రెట్లు. సరిచేయాలంటే అలాంటివి నూరు ఫ్యాన్లు కావాలి. అంతకన్నా గోడలు పడగొట్టడం చవక.

ఈ లెక్క కూడా ఫ్యానుకు మేలు చేసే లెక్కే. గాలి అంతా సమంగా కలుస్తుందనీ, ఫ్యాను చెప్పినంతా లాగుతుందనీ అనుకున్నాం. నిజానికి ఫ్యానుకు కరెంటు ఎక్కడిది? జనరేటరుదే. పెట్రోలు అయిపోయి ఇంజను ఆగిన క్షణంలో ఫ్యానూ ఆగుతుంది, విషవాయువు మాత్రం షెడ్డులోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని "ఏమైందో చూద్దాం" అని లోపలికి వెళ్తారు. ఇంకొకటి, షట్టరు రోడ్డు వైపు ఉంది. గాలి రోడ్డు మీద నుంచి లోపలికి కొడితే, రెండడుగుల సందులోంచి బయటికి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి వంటింటి తలుపు కింద నుంచి దూరుతుంది. మేడ మెట్లు, లిఫ్టు గుంత, బాత్రూం డక్టు పొగ గొట్టాల్లాగా పనిచేస్తాయి. కింద వేడి గాలి పుడితే పైకి లాగేస్తాయి. రెండో అంతస్తులో నిద్రపోతున్న వాళ్లకు కింద ఇంజను నడుస్తున్న శబ్దం తప్ప ఇంకేమీ తెలియదు.

"పొగ రావడం లేదు, ఇంజను కొత్తది" అనే మాటకు కూడా విలువ లేదు. నల్లటి పొగ మసి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. పెట్రోలు కంపు రాకపోయినా అది ఉండొచ్చు. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపేసుకుని పడుకుంటే తెల్లారి లేవరని పెద్దవాళ్లు అనేది ఈ వాయువు గురించే. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా దీని మీద 200 రెట్లకు పైగా మమకారం. ఒకసారి అతుక్కుంటే మామూలు గాలిలో సగం వదలడానికే నాలుగైదు గంటలు పడుతుంది. 200 పీపీఎంలో రెండు మూడు గంటలకు తలనొప్పి. 400 దగ్గర గంట, రెండు గంటల్లో నుదురు పగిలేంత నొప్పి, మూడు గంటలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. 800లో ముప్పావు గంటకే వాంతి, కళ్లు తిరగడం. 1,600లో ఇరవై నిమిషాలకే అవన్నీ, గంటలోపు మరణం. ఫ్యాను పెట్టాక కూడా మన లెక్క 350 దగ్గర ఆగిందని గుర్తుంచుకోండి. ఇవి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు చెప్పిన అంకెలు. గుండె జబ్బున్న పెద్దలకు, పసిపిల్లలకు, గర్భిణులకు ఇంకా ముందే వస్తుంది.

కొందరు సైలెన్సరుకు ఇనుప గొట్టమో, ముడతల ఫ్లెక్సిబుల్ పైపో తగిలించి షట్టరు బయటికి పెడతారు. చిన్న పోర్టబుల్ ఇంజన్లకు అదీ పనికిరాదు. క్లాంపు జాయింటు అదురుకు వదులై అక్కడే లీకవుతుంది, ఇంజను మీద వెనక ఒత్తిడి పెరుగుతుంది, గొట్టం తాకితే చెయ్యి కాలుతుంది. పైగా ఇవి గాలితో చల్లబడే ఇంజన్లు. మూసిన చోట తన వేడి తనకే కొట్టి ఆయిల్ పలచబడి పాడవుతాయి. అపార్టుమెంట్లలో డీజిల్ జనరేటర్లకు పొగ గొట్టం ఉంటుంది కదా అంటారు. దాన్ని అందుకోసమే డిజైన్ చేసి, భవనం పైకప్పు దాటించి పెడతారు. ఎంత దాటాలో కాలుష్య నియంత్రణ బోర్డు సూత్రం ఉంది: భవనం ఎత్తుకి, కేవీఏ వర్గమూలంలో 0.2 వంతు మీటర్లలో కలపాలి. 25 కేవీఏ సెట్టుకు కప్పు మీద ఇంకో మీటరు. మన చేతి జనరేటరుకు అంత ఏర్పాటు ఎవరూ చేయరు, చేయనక్కర్లేదు కూడా. బయట పెడితే చాలు.

బయట అంటే ఎక్కడ? తలుపులు, కిటికీలు, వెంటిలేటర్ల నుంచి కనీసం 20 అడుగులు, సైలెన్సరు మూతి ఇంటికి అటువైపు. అంతర్జాతీయంగా వినియోగదారుల భద్రతా సంస్థలు చెప్పే దూరం ఇదే. ఇక్కడే హైదరాబాదులో చిక్కు. 200 గజాల ప్లాటంటే మామూలుగా 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. ముందు నాలుగైదడుగులు, పక్కన మూడడుగులు వదిలి కట్టేస్తారు. పక్కింటి కిటికీ మన గోడకి చేతికందేంత దగ్గర. పక్క సందులో జనరేటరు పెడితే అది మీ షెడ్డు కన్నా దారుణం. రెండు గోడల మధ్య గాలి కదలదు, పొగ మీ ఇంట్లోకి కాకపోతే పక్కింటి పడకగదిలోకి పోతుంది. సెల్లారు సంగతి మాట్లాడనక్కర్లేదు.

కాబట్టి ఇలాంటి ఇళ్లకు నా ఓటు డాబాకే. మెట్ల గది తలుపుకు దూరంగా ఉన్న మూల ఎంచుకుంటే 20 అడుగులు తేలిగ్గా దొరుకుతుంది. మెట్ల గది తలుపు మూసి ఉంచాలి. వానాకాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది కాబట్టి తూర్పు వైపు మూల, సైలెన్సరు మూతి తూర్పుకు మంచిది. కానీ తూర్పున పక్కింటి వాళ్లు మీకన్నా రెండంతస్తులు ఎక్కువ కట్టి కిటికీలు ఇటే పెట్టి ఉంటే ఆ మూల వదిలేయండి. ఎత్తు భవనాల మధ్య గాలి సుడి తిరుగుతుంది, అగరుబత్తి వెలిగించి చూస్తే పొగ ఎటు పోతోందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఆ పరీక్ష జనరేటరు దగ్గర కాదు, పెట్రోలు డబ్బా ఇంకా పైకి తేకముందే చేయండి.

వానకు రేకు కప్పు వేయించండి. నాలుగు జీఐ (జింకు పూత వేసిన ఇనుము) కాళ్లు, పైన రేకు, నాలుగు పక్కలా ఖాళీ. టార్పాలిన్ చుట్టకూడదు, అట్టపెట్టెలాంటి గది కట్టకూడదు. యంత్రం చుట్టూ మూడడుగులు, సైలెన్సరు వైపు ఐదడుగులు ఖాళీ ఉండాలి. కింద ఇటుకలతో ఆరంగుళాల దిమ్మె, దాని మీద రబ్బరు మ్యాటు. లేకపోతే డాబా మీద నిలిచిన నీళ్లలో అది కూర్చుంటుంది, కింద పడకగదికి అదురూ దిగుతుంది. రేకును నాలుగు వైపులా బోల్టులతో బిగించాలి. ఏప్రిల్, మే ఈదురుగాలికి వదులు రేకు పక్క వీధిలో దొరుకుతుంది. దొంగల భయానికి దిమ్మెలో కొక్కెం పాతించి గొలుసు వేయించుకోవచ్చు.

బరువు చూసుకోండి. 2 కేవీఏ ఇన్వర్టర్ రకం జనరేటరు సుమారు 21 కిలోలు, మామూలు ఫ్రేము రకం 40 కిలోలు దాటొచ్చు. రెండో రకమైతే ఇద్దరు పట్టాలి, ట్యాంకు ఖాళీ చేసే మెట్లెక్కించాలి. ఒక లోపం మాత్రం ఉంది: ఉరుములు, మెరుపుల్లో డాబా ఎక్కకూడదు. మన దగ్గర కరెంటు పోయేది చాలాసార్లు అప్పుడే. మెరుపులు ఆగాక అరగంట దాకా ఆగాల్సిందే. ఆ అరగంటకి, గంటకి ఇంట్లో చిన్న ఇన్వర్టరు బ్యాటరీ ఉంటే సరి.

అసలు ముందు అదే అడగాలి. మీకు జనరేటరు ఎన్ని గంటలకు కావాలి? 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో 1.8 యూనిట్లు ఉంటాయి, నష్టాలు పోను 1.2 యూనిట్లు వాడుకోవచ్చు. తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు 120 వాట్లు, ఎల్ఈడీ బల్బులు 50, వైఫై 15. కలిపి 185 వాట్లు. ఆరు గంటలకు పైనే వస్తుంది. నగరంలో చాలా కోతలు దీంట్లోనే అయిపోతాయి. ఫ్రిజ్ కోసమో, రోజంతా లైను తెగిన రోజు కోసమో అయితేనే జనరేటరు దిగాలి. కొనేశారు కాబట్టి దాన్ని రెండో వరుసలో ఉంచండి.

ఇంట్లోకి వైరింగు. రెండు వైపులా ప్లగ్గు పిన్నులున్న వైరు చేయించి గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా కరెంటు ఇచ్చే పద్ధతి ఇంకా నడుస్తోంది. దీంతో రెండు నష్టాలు. మెయిన్ ఆపడం మరిచిపోతే మీ 230 వోల్టులు సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనక్కి వెళ్లి అవతల వేల వోల్టులవుతాయి. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన కరెంటు సంస్థ (టీజీఎస్పీడీసీఎల్) లైన్‌మన్ చనిపోతాడు. ఇక అసలు కరెంటు తిరిగి వచ్చిన క్షణాన మీ జనరేటరు కాయిలు కాలుతుంది. మీటరు తర్వాత, డిస్ట్రిబ్యూషన్ బాక్సుకు ముందు డబుల్ పోల్ చేంజోవర్ స్విచ్ పెట్టించండి. అది ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపే మారుస్తుంది, మధ్యలో ఆఫ్ ఉంటుంది. ఏ దశలోనూ రెండు సరఫరాలు కలవవు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

డాబా నుంచి దిగే కేబుల్ మూడు కోర్ల రాగి, 2.5 చదరపు మిల్లీమీటర్లు. 20 మీటర్ల పొడవుకు 8 ఆంపియర్లలో వోల్టేజి పతనం మూడు వోల్టులే, సమస్య లేదు. 1 చదరపు మిల్లీమీటరు వైరు వాడితే ఏడెనిమిది వోల్టులు పోవడమే కాదు, వేడెక్కుతుంది కూడా. రీలు చుట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే పూర్తిగా విప్పేయాలి, చుట్టలోపలి వరసలు కరిగిపోతాయి. కిటికీ రెక్క సందులోంచి వైరు లాగొద్దు. రెక్క మూతపడదు, అదే సందులోంచి పొగా దిగుతుంది. గోడలో కండ్యూట్ వేయించి చివర సిలికాన్‌తో మూసేయండి.

ఎర్తింగ్ విషయంలో ఒక సూక్ష్మం ఉంది. చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ను ఫ్రేముకు కలపరు. అప్పుడు ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) ఉన్నా, షాక్ కొట్టినప్పుడు కరెంటు భూమి మీదుగా జనరేటరుకు తిరిగొచ్చే దారి ఉండదు కాబట్టి అది పడకపోవచ్చు. ఆర్‌సీసీబీ మీద టెస్టు బటన్ నొక్కితే పడింది కదా అని నమ్మొద్దు. ఆ బటన్ ఫేజు, న్యూట్రల్ మధ్యే పనిచేస్తుంది, ఎర్తు లేకపోయినా పడుతుంది. జనరేటరు మీదికి మార్చాక సాకెట్ దగ్గర ఆర్‌సీసీబీ టెస్టరుతో పరీక్షించమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. న్యూట్రల్ కలపాలా వద్దా అన్నది మీ మోడల్ మాన్యువల్ చూసి ఆయన తేల్చాలి. ఫ్రేము మీది ఎర్తు బోల్టుకు పచ్చ వైరు మాత్రం తప్పదు.

లోడు. 2.2 కేవీఏ అని పేరున్నా అది గరిష్ఠం. నిరంతరంగా 1.8 నుంచి 2 దాకా లెక్కేసుకోండి. ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్లే గానీ కంప్రెసరు మొదలయ్యే క్షణం దానికి అయిదారు రెట్లు అడుగుతుంది. కాబట్టి ముందు ఫ్రిజ్, అది స్థిరపడ్డాక ఫ్యాన్లు, లైట్లు, టీవీ. బోరు మోటారు ఒక హెచ్‌పీ అయినా దీని మీద లేవదు. గీజరు, ఇస్త్రీపెట్టె, ఏసీల జోలికి పోవద్దు. ఓవర్‌లోడు మీద గుర్రుమంటూ నడిచే ఇంజను పెట్రోలు ఎక్కువ తాగి, విషవాయువూ ఎక్కువే వదులుతుంది. చోక్ లోపలికి తొయ్యడం మరిచిపోయినా, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండినా జరిగేది అదే. మన రోడ్ల దుమ్ముకి ఫోము ఫిల్టరును 50 గంటలకోసారి సబ్బు నీళ్లలో కడిగి, ఆరబెట్టి, రెండు చుక్కల ఇంజను ఆయిల్ అద్ది పెట్టండి. ఆయిల్ మొదటిసారి 20 గంటలకు, తర్వాత 100 గంటలకు లేదా ఆరు నెలలకు. 10డబ్ల్యూ-30 గ్రేడు, సుమారు అర లీటరు పడుతుంది.

ఇక పెట్రోలు. షెడ్డులో నడపకూడదనడానికి విషవాయువు ఒక్కటే కారణం కాదు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేల మీద నీళ్లలా పాకుతుంది. హైదరాబాదు ఇళ్లలో కారు షెడ్డు కిందే నీళ్ల సంపు. సంపు ఇనుప మూత అంచు ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు. ఒలికిన పెట్రోలు ఆవిరి అందులోకి దిగి కూర్చుంటుంది. పక్కనే సంపు మోటారు స్టార్టరు, ఇన్వర్టరు, మీటరు బోర్డు. వాషింగ్ మెషీనూ అక్కడే. గాలిలో 1.4 నుంచి 7.6 శాతం ఆవిరి ఉంటే నిప్పురవ్వ చాలు. మోటారు ఆన్ చేసినప్పుడు స్టార్టరులో టక్కుమనే చిన్న మెరుపు ఆ రవ్వే.

ఎంత నిల్వ పెట్టొచ్చు? 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలు 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. గాజు సీసా, జాడీ అయితే లీటరు మించకూడదు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లు. గట్టి మూత తప్పనిసరి. చట్టం ఒప్పుకుంది కదా అని 30 లీటర్లు తెచ్చుకోకండి. సగం లోడు మీద గంటకు ముప్పావు లీటరు తాగే యంత్రానికి ఐదు లీటర్ల ఇనుప జెర్రీక్యాన్ ఒకటి ఆరేడు గంటలకు సరిపోతుంది. మినరల్ వాటర్ సీసాలో పెట్రోలు పోసి వంటింటి అటక మీద పెట్టడం లాంటివి వద్దు. క్యాన్ ఎండ తగలని, గాలాడే చోట, సంపుకీ బ్యాటరీకీ దూరంగా. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమ పీలుస్తుంది. జూన్‌లో నింపిన ట్యాంకు సెప్టెంబరులో స్టార్టు కాకపోతే ఆశ్చర్యం లేదు. నెల దాటి వాడనప్పుడు పెట్రోలు ట్యాపు మూసి, ఇంజను దానంతట అదే ఆగే దాకా నడిపి కార్బురేటరు ఎండగట్టండి. రబ్బరు గొట్టాన్ని వేళ్లతో వంచి చూడండి, సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చేయండి.

పెట్రోలు పోసే పద్ధతి కూడా దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మంటలు ఎక్కువగా అంటుకునేది ఇక్కడే. ఇంజను ఆపి 15, 20 నిమిషాలు ఆగాలి. సైలెన్సరు దగ్గర అరచెయ్యి రెండంగుళాల దూరంలో పెడితే వేడి తగలకూడదు. వెలుగు కోసం అగ్గిపుల్ల, కొవ్వొత్తి కాదు, ముందే వెలిగించి దూరంగా పెట్టిన టార్చి. క్యాన్ నేల మీద పెట్టి మూత తీసి, గరాటును ట్యాంకు మూతికి ఆనించి, నెమ్మదిగా పోయాలి. అంచుకు అంగుళం కింద ఆపాలి, ఎండకి పెట్రోలు ఉబ్బి పైకొస్తుంది. ఒలికితే గుడ్డతో తుడిచి ఆ గుడ్డను ఇంట్లోకి తేకుండా గాలికి ఆరబెట్టాలి. ఎక్కువ ఒలికితే పొడి ఇసుక చల్లాలి, నీళ్లు పోస్తే పెట్రోలు తేలి ఇంకా పరుచుకుంటుంది. రెండు మూతలూ బిగించి, క్యాన్‌ను కనీసం పదడుగుల దూరం తీసుకెళ్లాకే తాడు లాగాలి. దగ్గర్లో ఏబీసీ పొడి మంట ఆర్పే సిలిండరు, నాలుగు కిలోలది, గేజి ముల్లు పచ్చలో ఉండాలి. అది జనరేటరు పక్కన కాదు, మెట్ల గది తలుపు దగ్గర. మంట అంటుకున్నాక మీరు వెళ్లగలిగే చోట ఉండాలి కదా.

ఆపాక షెడ్డులోకి తేవాలంటే అరగంట చల్లారనిచ్చి, ట్యాపు మూసి, అప్పుడు తెండి. పాప చేయి తగిలే ఎత్తులో వేడి సైలెన్సరు ఉంటుంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా కొనండి. వంటింట్లో గ్యాసు లీకేజీకి పెట్టేది వేరు, పొగ అలారం వేరు. ఆ రెండూ దీన్ని పసిగట్టవు. డబ్బా మీద ఈఎన్ 50291 (యూరప్ ప్రమాణం) లేదా యూఎల్ 2034 (అమెరికా ప్రమాణం) అని ఉండాలి. ఏ గుర్తూ లేని చవక డిజిటల్ డబ్బాలు వద్దు. ఈఎన్ ప్రమాణం ప్రకారం 50 పీపీఎంకు గంట నుంచి గంటన్నరలో, 100కు 10 నుంచి 40 నిమిషాల్లో, 300కు మూడు నిమిషాల్లోపు మోగాలి. ఒకటి అమ్మగారి పడకగదిలో, ఒకటి పై అంతస్తు మెట్ల దగ్గర. పొయ్యి పక్కన, ఫ్యాను గాలి నేరుగా కొట్టే చోట పెట్టొద్దు. లోపలి సెన్సరుకు ఆయుష్షు ఏడు నుంచి పదేళ్లు, గడువు తేదీ వెనక ముద్రించి ఉంటుంది. అలారం ఉంది కాబట్టి షెడ్డులో నడపొచ్చు అనుకుంటే మళ్లీ మొదటికొచ్చినట్టే.

ఒకవేళ ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు, జ్వరం లేకుండా వస్తే, బయటికి వెళ్తే తగ్గి లోపలికొస్తే పెరుగుతుంటే, అన్నం పడలేదని అనుకోకండి. అందరూ వెంటనే వీధిలోకి రండి. జనరేటరు ఆపడానికి ఊపిరి బిగబట్టి షెడ్డులోకి ఎవరూ పరుగెత్తొద్దు, రెండో మనిషి పడేది అలాగే. షట్టరు బయటి నుంచి ఎత్తగలిగితే ఎత్తండి. 108కి ఫోన్ చేసి "కార్బన్ మోనాక్సైడ్" అన్న మాటే చెప్పండి. కొవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటరు వేలికి పెట్టి 98 చూపించిందని ఊరుకోవద్దు. ఆ పరికరానికి ఆక్సిజన్ అతుక్కున్న హిమోగ్లోబిన్‌కూ, ఈ విషం అతుక్కున్నదానికీ తేడా తెలియదు, రెంటినీ ఎర్రగానే చూస్తుంది. ఆసుపత్రిలో రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ చూడమని అడగాలి. గట్టి మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే, రక్తంలోని విషం సగం వదలడానికి పట్టే నాలుగైదు గంటలు గంట, గంటన్నరకు దిగుతుంది. గర్భిణి ఉంటే బాగానే ఉన్నానన్నా తీసుకెళ్లాల్సిందే, కడుపులో బిడ్డ రక్తం నుంచి అది ఇంకా నెమ్మదిగా పోతుంది.

పెట్రోలు ప్రెషర్ వాషరు, గడ్డి కోసే యంత్రం, చెట్ల రంపం కూడా ఇదే కుటుంబం. షెడ్డులో కారు కడగాలంటే కరెంటు వాషరు వాడండి, లేదా యంత్రం రోడ్డు మీద, హోసు మాత్రం లోపలికి. కారునూ షట్టరు వేసి ఇంజను ఆన్‌లో ఉంచొద్దు. బీఎస్-6 కారయినా చల్లగా స్టార్టయిన మొదటి నిమిషాల్లో కన్వర్టరు పనిచేయదు.

షెడ్డుకీ వంటింటికీ మధ్య తలుపు కింద రబ్బరు పట్టీ వేయించండి, కారు పొగకైనా పనికొస్తుంది. ఎగ్జాస్టు ఫ్యాను కొనేసి ఉంటే వంటింట్లో పొయ్యి మీద గోడకి బిగించండి, తాలింపు ఘాటుకి 12 అంగుళాలది బ్రహ్మాండంగా సరిపోతుంది.